గుడ్డ కప్పిన విమానంలో రేడియో యాంటెన్నా బయటికి కనబడకుండా పెట్టాలంటే?

నాదర్‌గుల్_గాలి:

అందరికీ నమస్తే. విమానం పుష్పక్ తరహాది, రెండు సీట్లు, హై-వింగ్. ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) వెల్డింగ్ చేసిన స్టీలు ట్యూబులు, రెక్కల స్పార్లు (పొడవునా ఉండే దూలాలు) కర్రవి, పైన పాలియెస్టర్ గుడ్డ, దాని మీద సిల్వర్ పూత, ఆపైన రంగు. ఇప్పుడు పాత గుడ్డంతా విప్పేసి ట్యూబులకు ప్రైమర్ కొట్టి ఉంది. కొత్త గుడ్డ ఎక్కించేలోపే వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నా లోపల అమర్చేయాలని ఆలోచన. పాత కాలపు విమానం వీపు మీద చువ్వ నిలబడి ఉంటే చూడటానికి బాగోదు.

తేలనివి నాలుగు. సిల్వర్ పొర సిగ్నల్‌ని ఆపేస్తుందా? ఫిన్‌లో (తోక మీది నిలువు రెక్క) పెట్టొచ్చా? (ఫిన్ ముందు అంచు, రడ్డర్ పోస్టు రెండూ స్టీలు ట్యూబులే.) రెక్కలో కర్ర ఎక్కువ కాబట్టి అక్కడే నయమా? కోఠిలో దొరికే ఆర్‌జీ-58 కేబుల్ చాలా? రేడియో 6 వాట్లది. ప్యానెల్ నుంచి సామాన్ల అర వెనక్కి కేబుల్ దాదాపు 4 మీటర్లు పడుతుంది.

సిల్వర్‌డోప్:

ముందు సిల్వర్ సంగతి తేల్చేద్దాం, ఎక్కువమంది భయపడేది దానికే. ఆ పొరలో ఉన్నది అల్యూమినియం రజను. ఒక్కో రేకు చుట్టూ బైండర్ ఉంటుంది, అది కరెంటును పోనివ్వదు. ఎండిన పొర మీద మల్టీమీటర్ ముళ్లు గుచ్చి చూడండి, ఓపెన్ అని చూపిస్తుంది. పొర పలచగా ఉంది కాబట్టి పర్లేదు అనే లెక్క మాత్రం తప్పు. పలచని రేకైనా తెగకుండా పరుచుకుంటే సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది. ఇక్కడ పొర ముక్కలు ముక్కలుగా ఉంది కాబట్టే బతికిపోతున్నాం. పద్ధతి ప్రకారం మూడు క్రాస్ కోట్లు (నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కలిపి ఒక కోటు) కొడితే వీహెచ్‌ఎఫ్‌కి ఇబ్బంది రాదు. నమ్మకం కుదరకపోతే చెక్క చట్రానికి గుడ్డ బిగించి, అదే సిల్వర్ కొట్టి ఆరాక, పనిచేస్తున్న యాంటెన్నాకు దగ్గరగా తెచ్చి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) ఎంత కదులుతుందో చూడండి. కార్బన్ ఫైబర్ ముక్క మాత్రం ఎక్కడా దగ్గరికి రానివ్వొద్దు. అది నిజంగానే అడ్డుగోడ.

అసలు సమస్య గుడ్డ కాదు, లోపలి స్టీలు. 127 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2.36 మీటర్లు. ఫ్యూజలాజ్‌లో ట్యూబుకీ ట్యూబుకీ మధ్య ఖాళీ అరవై సెంటీమీటర్లుంటే అది పావు తరంగమే. ఆ తరంగానికి మీ ఫ్యూజలాజ్ కోళ్ల గంపలాంటిది: కంటికి అంతా ఖాళీయే, సిగ్నల్ మాత్రం సగం లోపలే ఆగిపోతుంది. కాబట్టి కుదిరినంత వరకు ట్యూబుల గూడు బయట పెట్టాలి, కుదరకపోతే గూట్లో అన్నిటికన్నా విశాలమైన చోట, నడిమధ్యన.

రెక్క వదిలేయండి. టవర్ యాంటెన్నా నిలువుగా ఉంటుంది, కాబట్టి మీదీ నిలువుగా ఉండాలి. రెక్క మందంలో పావు తరంగం, అంటే అర మీటరు పైచిలుకు, నిలువుగా పట్టదు. అడ్డంగా పెడితే 10 నుంచి 20 డెసిబెల్ దాకా పోతుంది, అంటే సిగ్నల్ పవర్ పదో వంతుకో నూరో వంతుకో పడిపోతుంది. వీఓఆర్ (దిక్కు చూపే నేల మీది రేడియో స్టేషన్) అందుకునే యాంటెన్నాకి మాత్రం రెక్క చక్కటి చోటు. వీఓఆర్ సిగ్నల్ అడ్డంగానే వస్తుంది మరి.

ఫిన్ కూడా మీ విషయంలో వద్దు. ఫిన్ కర్రదో ఫైబర్‌గ్లాసుదో అయితే అంతకు మించిన చోటు లేదు. మీకు ముందు స్టీలు, వెనక స్టీలు. మధ్యలో యాంటెన్నాకి సమాంతరంగా పాతిక ముప్పై సెంటీమీటర్ల దూరంలో మీటరు పొడవు రడ్డర్ పోస్టు నిలబడి ఉంటుంది. అది తనూ సగం యాంటెన్నాలా ప్రవర్తించి సిగ్నల్‌ని ఒక వైపుకు తోసేస్తుంది. ఎటు తోస్తుందో కొలిచేదాకా తెలియదు.

మిగిలింది సామాన్ల అర వెనక భాగం. అక్కడ లోపల ఎత్తు దాదాపు మీటరు ఉంటే వి-ఆకారపు డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) పడుతుంది. మధ్య బిందువు ముందుకు, చేతులు రెండూ వెనక్కి వాలుతూ ఒకటి పైకి, ఒకటి కిందికి, మధ్య కోణం 120 డిగ్రీలు. ఒక్కో చెయ్యి 55 సెంటీమీటర్లనుకుంటే నిలువు ఎత్తు 95 చాలు. పైగా తిన్నని డైపోల్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే అడ్డు) 73 ఓముల దగ్గర ఉంటుంది, ఇలా వంచితే రేడియో, కేబుల్ కోరే 50కి దగ్గరపడుతుంది. కేబుల్ కూడా కోణం మొన నుంచి తిన్నగా ముందుకు వెళ్లిపోతుంది, చేతులు రెండింటికీ సమదూరంలో.

కోఠి_సోల్డర్:

చోటు విషయంలో సిల్వర్‌డోప్ గారితో నాకూ పేచీ లేదు. తయారీ చెప్తా.

చేతులకు సన్న వైరు వాడొద్దు. మనకు కావలసింది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలో 15 శాతం వెడల్పు. సన్న వైరు ఈ బ్యాండు మధ్యలో బాగుండి బ్యాండు రెండు కొసల్లో చేతులెత్తేస్తుంది. అంటుకునే కాపర్ టేపు తీసుకోండి, 25 మిల్లీమీటర్ల వెడల్పుది. పట్టీ తన వెడల్పులో సగం వ్యాసమున్న గుండ్రటి కడ్డీతో సమానం కాబట్టి 12.5 మిల్లీమీటర్ల కడ్డీ పెట్టినట్టే. 12 మిల్లీమీటర్ల టేపూ పనిచేస్తుంది, కాకపోతే బ్యాండు కొసల దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటొచ్చు. ఒక్కో చేతికి అతుకు లేని ఒకే ముక్క. అతకాల్సే వస్తే టేపు జిగురును నమ్మకుండా సోల్డర్ చేయండి.

టేపును అంటించడానికి 30 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఫైబర్‌గ్లాసు పట్టీలు రెండు. కరెంటు పైపు ముక్కలైనా సరే, వాలు కుదిరితే చాలు. వాటిని ట్యూబులకు రబ్బరు పొదిగిన క్లాంపులతో బిగించండి. ట్యూబుకు రంధ్రం వేయడం, లగ్గు వెల్డింగ్ చేయడం లాంటివి ఆలోచనలోకే రావద్దు. రాగి నేరుగా స్టీలును తాకకూడదు. వానాకాలంలో తేమ చేరితే అక్కడ తినేసేది స్టీలునే. టేపు కొసలు ఏ ట్యూబుకైనా కనీసం 8 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వోల్టేజి ఎక్కువగా ఉండేది కొసల్లోనే, దగ్గరగా లోహం ఉంటే ఫ్రీక్వెన్సీ మొత్తం కిందికి జారిపోతుంది.

మొదట ఒక్కో చెయ్యి 58 సెంటీమీటర్లు పెట్టండి. కోసుకుంటూ వెళ్తే 55 అటూఇటూ వచ్చి ఆగుతుంది. రెండు చేతుల్లోనూ ఒక్కో సెంటీమీటరు కోస్తే మధ్య ఫ్రీక్వెన్సీ సుమారు 2.3 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. అర సెంటీమీటరు చొప్పున, రెండు వైపులా సమానంగా కోయండి. ఫైబర్‌గ్లాసు విమానాలకు ఇచ్చే రెడీమేడ్ కొలతలు ఇక్కడ పనికిరావు. ఆ తొక్కలో పొదిగితే చేతులు ఇంకా పొట్టిగా ఉండాలి, మీ దగ్గర చుట్టూ ఉన్నది గాలే.

ఇక కేబుల్ కలిపే చోటు. రెండు టేపుల మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం. కేబుల్ పై తొడుగు 20 మిల్లీమీటర్లు ఒలిచి, జడను (లోపలి తీగల అల్లికను) సూదితో విప్పి ఒక పక్కకు మెలిపెట్టి కింది చేతికి, మధ్య తీగ పై చేతికి. విడిపోయిన తోకలు 15 మిల్లీమీటర్లు దాటొద్దు, అవి కూడా యాంటెన్నా పొడవులోకే వస్తాయి. రోసిన్ ఫ్లక్సు మాత్రమే. పైపులు అతికేవాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్సు తాకినా ఏడాది తిరిగేసరికి పచ్చగా చిలుం పడుతుంది. అతికాక స్పిరిట్‌తో తుడిచి, సిలికాన్‌తో మూసేయండి. సిలికాన్‌లో కూడా వెనిగర్ వాసన వచ్చేది వద్దు, అది రాగిని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న ట్యూబు అడగండి. అక్కడ మూయకపోతే నీళ్లు జడ వెంబడి పీల్చుకుంటూ మీటర్ల దూరం లోపలికి పోతాయి. కేబుల్‌ను అతుకు నుంచి 5 సెంటీమీటర్ల లోపు పట్టీకే కట్టేయాలి, బరువు, వణుకు సోల్డర్ మీద పడకుండా.

అతుకు పక్కనే కేబుల్ మీద ఫెర్రైట్ గొట్టాలు ఐదారు వరుసగా ఎక్కించండి, 43 రకం మెటీరియల్, 5 మిల్లీమీటర్ల కేబుల్ దూరేవి. రెండో కొసకు కనెక్టర్ బిగించకముందే ఎక్కించాలి. ఇవి లేకపోతే కేబుల్ జడే మూడో చెయ్యి అయి కూర్చుంటుంది. మైకు నొక్కగానే హెడ్‌ఫోన్లో కీచుమనడం, ఇంజిన్ గేజీల ముళ్లు ఊగడం, ఇలాంటివన్నీ దాని పనులే. పాత మానిటర్ కేబుళ్ల మీంచి పీకిన ఉండలు ఏ రకమో తెలియదు, వాటి జోలికి పోవద్దు. మొన నుంచి అర మీటరు దాకా కేబుల్ తిన్నగా ముందుకే పోవాలి, ఆ తర్వాతే ట్యూబు పట్టుకుని వెళ్లొచ్చు.

ఆర్‌జీ-58, ఆర్‌జీ-400: 4 మీటర్లకు రెండింటిలోనూ పోయేది ఒక డెసిబెల్ లోపే. నష్టం చూసి కాదు, వేడి చూసి ఆర్‌జీ-400 తీసుకోవాలి. దీనికి రెండు జడలు, లోపల టెఫ్లాన్. ఆర్‌జీ-58 లోపలి పాలిథీన్ వేడికి మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది, పై పీవీసీ కాలితే కాక్‌పిట్ అంతా విషపు పొగ. కోఠి గుజరాతీ గల్లీలో అడిగేటప్పుడు 50 ఓముల బీఎన్‌సీ కనెక్టర్ అని నొక్కి చెప్పండి. సీసీటీవీకి వాడే 75 ఓములది చూపుకు అచ్చం అలాగే ఉంటుంది. క్రింపింగ్ టూల్ 5.41 మిల్లీమీటర్ల షట్కోణానిది కావాలి, కటింగ్ ప్లేయరుతో నొక్కితే జడ నిలవదు.

నాదర్‌గుల్_గాలి:

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు అనుమానాలు. గుడ్డ ఎక్కించాక లోపలికి చెయ్యి పెట్టలేం కదా, సరిగా పనిచేస్తుందని ముందే ఎలా తేల్చుకోవాలి? నా ఆలోచన: శంషాబాద్ వీఓఆర్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి విమానాన్ని చుట్టూ తిప్పుతూ దాని సిగ్నల్ చూస్తే సరిపోదా? రెండోది, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పెట్టె) యాంటెన్నా కూడా లోపలే పెట్టొచ్చా?

కోఠి_సోల్డర్:

వీఓఆర్‌తో మాత్రం చూడకండి. పైన చెప్పినట్టు అది అడ్డంగా వచ్చే సిగ్నల్. మంచి నిలువు యాంటెన్నాలో బలహీనంగా వినిపిస్తుంది, చెడ్డదాంట్లో బాగా వినిపించినా వినిపిస్తుంది. ఏటిస్ (విమానాశ్రయం ఆగకుండా వినిపించే వాతావరణ, రన్‌వే సమాచారం) వినండి, కాకపోతే అది విడిగా వీహెచ్‌ఎఫ్ చానల్‌లో వచ్చేదై ఉండాలి. వీఓఆర్ మీదే మాటలు పంపే చోట మళ్లీ అదే తిరకాసు.

వరుస ఇలా పెట్టుకోండి. ఇంకా ఏదీ బిగించకముందే డైపోల్‌ను ఒక చెక్క చట్రానికి కట్టి గూట్లో అటూఇటూ జరుపుతూ నానో వీఎన్‌ఏతో (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) చూడండి. ముందుగా కేబుల్ చివర, అంటే యాంటెన్నా కలిసే చోట, ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ పెట్టి 110 నుంచి 145 మెగాహెర్ట్జ్‌కి కాలిబ్రేట్ చేయాలి. రేడియో వైపు నుంచి కొలిస్తే కేబుల్ నష్టం అంకెను అందంగా చూపించి మోసం చేస్తుంది. 118 నుంచి 137 దాకా ఎస్‌డబ్ల్యూఆర్ 2 లోపు ఉంటే చాలా బాగున్నట్టు, తిరిగొచ్చే పవర్ 11 శాతమే. 3 దగ్గర పావు వంతు తిరిగొస్తుంది. అది దాటితే చాలా రేడియోలు తమను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసుకుంటాయి.

అంకె కుదిరాక మూడు పనులు. కేబుల్‌ను చేత్తో పట్టుకుని నిమరండి. అంకె కదిలితే ఫెర్రైట్ చాలలేదు. స్టిక్కు, పెడళ్లు ఆ కొస నుంచి ఈ కొసకు కదపండి. రడ్డర్, ఎలివేటర్ కేబుళ్లు అక్కడి నుంచే పోతాయి కాబట్టి ఒక స్థితిలో బాగుండి ఇంకో స్థితిలో చెడిపోవచ్చు. కేబుళ్లకు కనీసం 15 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. మూడోది, సామాన్ల అరలో మామూలుగా పెట్టేవి పెట్టి చూడండి, ముఖ్యంగా టూల్ కిట్టు లాంటి లోహపు సరుకు.

ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంటే యాంటెన్నా బాగున్నట్టేనని మాత్రం అనుకోవద్దు. 50 ఓముల లోడ్‌కి కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 ఉంటుంది, దాంతో ఎవరితోనూ మాట్లాడలేం. అందుకే దిక్కుల పరీక్ష తప్పనిసరి. హ్యాంగర్ రేకులకు దూరంగా ఖాళీ మైదానంలో విమానాన్ని 45 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఎనిమిది దిక్కుల్లో ఏటిస్ సిగ్నల్ ఎంతో రాసుకోవాలి. రేడియోలో మీటరు ఉండదు కాబట్టి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే రేడియో రిసీవర్) వాడండి, గెయిన్ ఆటోలో కాకుండా ఒకచోట స్థిరంగా పెట్టి. అది లేకపోతే మధ్యలో 3, 6, 10 డెసిబెల్ అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ని తగ్గించేవి) పెట్టుకుంటూ ఎక్కడ మాట తెగిపోతుందో చూడండి. పోలికకు తాత్కాలికంగా బయట ఒక చువ్వ కట్టి అదే వరుసలో కొలవండి. గూట్లోది సగటున కొంత తక్కువ రావడం మామూలే. ఏదో ఒక దిక్కున 10 డెసిబెల్ గుంట పడితే మాత్రం ఆ దిక్కున అడ్డుగా ఏ ట్యూబు ఉందో చూసి డైపోల్‌ను పది సెంటీమీటర్లు జరిపి మళ్లీ కొలవాలి.

వీఎన్‌ఏ వదిలేది మిల్లీవాట్ లోపు పవర్, దాంతో గొడవ లేదు. రేడియోతో ట్రాన్స్‌మిట్ చేసి చూసేటప్పుడు ఆపద ఫ్రీక్వెన్సీ 121.5 మీద పొరపాటున కూడా నొక్కొద్దు. సోమాజిగూడ నియార్ (అమెచ్యూర్ రేడియో సంస్థ) పరిచయస్తులు, హామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులు ఎవరైనా ఉంటే ఎనలైజర్ దొరుకుతుంది, కానీ హామ్ లైసెన్సు ఎయిర్‌బ్యాండ్‌లో నొక్కడానికి చెల్లదు.

బేగంపేట్_హ్యాంగర్:

నా మాట కాస్త చేదుగా ఉంటుంది. స్టీలు గూట్లో యాంటెన్నా ఎంత జాగ్రత్తగా పెట్టినా బయటి చువ్వతో సాటి రాదు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లో మాట సగం వినిపించడం చిన్న విషయం కాదు. లోపల పెట్టండి, కానీ బొడ్డు కింద చువ్వకు ఒక మౌంటింగ్ ప్లేటు, దానిదాకా కేబుల్ ఇప్పుడే వేసి మూసి ఉంచండి. రేపు అవసరమైతే గుడ్డ కోసే పని ఉండదు.

గుడ్డ ఎక్కించేటప్పుడు యాంటెన్నాను చంపేది ఇస్త్రీయే. పాలియెస్టర్ బిగించడానికి చివరి వాత 177 డిగ్రీల సెల్సియస్. 63/37 సోల్డర్ కరిగేది 183 దగ్గర. ఇస్త్రీ పెట్టె పెట్టినదానికన్నా ఆరేడు డిగ్రీలు ఎక్కువ వేడెక్కే రకమైతే అతుకు ఊడినట్టే, అంతకన్నా ముందే టేపు జిగురు జారుతుంది. కాబట్టి గుడ్డకు, టేపుకు మధ్య ఎక్కడా 5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఎడం ఉండకూడదు. కారణాలు రెండు, ఇస్త్రీ ఒకటి, ఆ తర్వాత గాలి ఒకటి: ప్రొపెల్లర్ గాలికి గుడ్డ కొట్టుకుంటుంది, పట్టీ మూల తగిలితే కొన్నాళ్లకు లోపలి నుంచి అరిగి చిల్లు పడుతుంది. మూలలన్నీ గుండ్రంగా రుద్ది, యాంటీ-చేఫ్ టేపు చుట్టండి.

డైపోల్ మొన పక్కన గుడ్డకు ఇన్‌స్పెక్షన్ రింగు అంటించండి. వెంటనే కోయనవసరం లేదు, రంగంతా అయ్యాక అవసరమైనప్పుడు రింగు లోపల కోసి మూత పెడితే సరి. కేబుల్ మధ్యలో జాయింట్లు పెట్టొద్దు. గుడ్డ ఎక్కించాక, సిల్వర్ కొట్టాక, రంగు అయ్యాక, మూడుసార్లూ వీఎన్‌ఏ గ్రాఫు ఫొటో తీసి లాగ్‌బుక్కులో పెట్టండి. రేపు సమస్య వస్తే ఏ దశలో మారిందో అదే చెబుతుంది.

కాగితాలు: సర్టిఫికెట్ ఉన్న విమానానికి ఇది మాడిఫికేషన్ కిందికే వస్తుంది. పని మొదలుపెట్టకముందే మీ ఏఎంఈతో (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు) కూర్చుని ఆమోదం ఎలా తెచ్చుకోవాలో తేల్చుకోండి. రేడియోకి డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) లైసెన్సు ఎలాగూ ఉండాలి. తోక వైపు బరువు చేరుతుంది, అరకిలో అయినా సరే వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీట్‌లో పడాలి.

సిల్వర్‌డోప్:

బొడ్డు కింద ప్లేటు మాట బాగుంది, దానికి నా ఓటు.

ట్రాన్స్‌పాండర్ గురించి ఎవరూ చెప్పలేదు. అది పంపేది 1090 మెగాహెర్ట్జ్, తరంగం 27.5 సెంటీమీటర్లే. వీహెచ్‌ఎఫ్‌ని ఆపిన అరవై సెంటీమీటర్ల ఖాళీ దీనికి రెండు తరంగాల వెడల్పు తలుపు. కాబట్టి లోపల పెట్టడం దీనికే తేలిక. 69 మిల్లీమీటర్ల కడ్డీ కిందికి వేలాడేలా, దాని పైన 14 సెంటీమీటర్ల వ్యాసం అల్యూమినియం బిళ్ల, బొడ్డు గుడ్డకు కాస్త పైన. ఒక్క జాగ్రత్త: మరీ దగ్గర్లో ట్యూబు ఉంటే దాని వెనక నీడ పడుతుంది, అందుకని నాలుగు ట్యూబుల మధ్య ఖాళీకి నడిమధ్యన బిగించండి. సీట్ల కింద వద్దు. మనుషులకు, వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు ఎంత దూరం ఉండాలో ట్రాన్స్‌పాండర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అదే పాటించండి. కేబుల్ పొట్టిగా ఉండాలి, ఈ ఫ్రీక్వెన్సీలో నష్టం వీహెచ్‌ఎఫ్ కన్నా మూడింతల పైనే.

ఈఎల్‌టీ (విమానం కూలితే చోటు తెలిపే ట్రాన్స్‌మిటర్) యాంటెన్నాను మాత్రం అందం కోసం దాచొద్దు. దాని 406 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పైనున్న ఉపగ్రహానికి చేరాలి. నలిగిన ట్యూబుల మధ్య ఇరుక్కుంటే చేరదు. అది వీపు మీదే, తయారీదారు చెప్పిన చోటే ఉండనివ్వండి.

నాదర్‌గుల్_గాలి:

ఈఎల్‌టీ బయటే ఉంచుతాను. లోపలి ఎత్తు కొలిస్తే సామాన్ల అర గోడ వెనక 98 సెంటీమీటర్లు వచ్చింది. పైనా కిందా ట్యూబులకు 8 సెంటీమీటర్లు వదిలితే 95 పట్టదు. కోణం తగ్గించాలా?

కోఠి_సోల్డర్:

98లో 16 పోతే 82. కోణం 95 డిగ్రీలకు తెస్తే పడుతుంది కానీ ఇంపెడెన్స్ 50 కన్నా కిందికి పోతుంది, అడ్డంగా పోయే భాగమూ పెరుగుతుంది. దానికన్నా 120 అలాగే ఉంచి, రెండు చేతుల కొసల్లో చివరి 8 సెంటీమీటర్లు వెనక్కి అడ్డంగా మడవండి. కొసల్లో కరెంటు తక్కువ, అక్కడ మడిస్తే పెద్దగా నష్టం లేదు. మడిచిన చోట టేపును కత్తిరించి అతక్కుండా, 45 డిగ్రీల మడత పెట్టి తిప్పండి. మొత్తం పొడవు మళ్లీ 58 నుంచే మొదలుపెట్టి కోయండి, మడిస్తే ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది.